పిట్ట ముట్టని గ్లాసు

బార్ కౌంటర్ వెనక నిలబడే పనికి కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ మా ఇంటికి వస్తుంటారు. వచ్చినవాళ్లు ముందుగా అడిగేది ఒకటే. మీరు చుక్క కూడా ముట్టరట కదా సార్, మరి ఇన్నేళ్లు మందు ఎలా కలిపారు అని. కంసాలి చేసిన నగలన్నీ తనే పెట్టుకుని తిరుగుతాడా అని అడుగుతాను. నవ్వి ఊరుకుంటారు.

అసలు సంగతి మా అమ్మ. మాది కామారెడ్డి దగ్గరి పల్లెలో కూలి చేసుకు బతికిన క్రైస్తవ కుటుంబం. నేను బార్‌లో నౌకరీకి కుదిరిన రోజున అమ్మ అన్నం ముట్టలేదు. చివరికి బైబిలు మీద నా చెయ్యి పెట్టించి, ఒక్క చుక్క గొంతు దిగనివ్వనని ఒట్టు వేయించుకుంది. ఒట్టు వేయకూడదని ఆ బైబిల్లోనే ఉందట. నాకు అప్పటికి తెలియదు, తెలిసిన అమ్మ చెప్పలేదు. అందుకని రుచి చూడాల్సి వస్తే స్ట్రా కొస ముంచి నాలుక మీద తాకించి, ఉమ్మేసి, పుక్కిలించేవాణ్ని. అలాగే ఉద్యోగం పూర్తి చేశాను.

మీరు ఇప్పుడు ఫోన్లలో చూసి ఇళ్లలో కాక్‌టెయిళ్లు కలుపుతున్నారు. మంచిదే. అల్లం, పచ్చిమిరపకాయ, విస్కీ కలిపి ఘాటుగా ఒకటి చేస్తున్నారని విన్నాను. దాన్ని మేం స్టేషన్ నుంచి గంజ్‌కు, అంటే బెల్లం మార్కెట్‌కు, పోయే దారిలోని మా పాత బార్‌లో ఎప్పుడో చేశాం. పేరు అల్లం మందు. దాన్ని కౌంటర్ మీద ఎన్నిసార్లు చేశానో లెక్క లేదు గానీ, ఒకరి ఇంట్లో చేసింది ఒక్కసారే. ఆ రోజు సంగతి చెప్తాను, ఎందుకంటే మీ పనిలోనూ అలాంటి రోజు వస్తుంది.

అల్లం మందు నా ఒక్కడి సొత్తు కాదు. ఎల్లారెడ్డి దాటాక ఒక ఊళ్లో చెరుకు పండించే పెద్ద రైతు ఒకాయన ఉండేవాడు. అందరూ పటేల్ అనే పిలిచేవారు. బెల్లం బండి గంజ్‌కు వచ్చిన రోజున నలుగురు దోస్తులతో మా దగ్గరికి రావడం ఆయనకు అలవాటు. గోడ పక్క బల్ల, ఫ్యాన్ కింద కుర్చీ. ఆ కుర్చీలో వేరేవాళ్లు కూర్చుంటే నిలబడే ఉండేవాడు గానీ లెమ్మనేవాడు కాదు. వాళ్లే సిగ్గుపడి లేచేవారు.

ఒక చలికాలం ఆయన దగ్గుతూ వచ్చి, మందులో అల్లం దంచి వేయమన్నాడు. వేశాను. రోట్లో దంచి పిండిన రసం అలాగే గ్లాసులో పోసి ఇచ్చాను. ఒక్క గుక్క తాగి, పళ్ల మధ్య నాలుక తిప్పుకుని, గ్లాసు నా ముందుకు జరిపాడు.

"తమ్మీ, గిది అల్లం గాదు, ఒండ్రు మట్టి. మా అవ్వ దగ్గుకు పోసేటప్పుడు గిట్ల మడ్డి తాపలే. తేరనిచ్చి తేట పోసేది."

అప్పుడు తెలిసింది నాకు. అల్లం రసాన్ని కాసేపు కదపకుండా ఉంచితే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పైన తేరిన రసాన్ని మెల్లగా ఒంపుకోవాలి. పిండి గ్లాసులోకి వచ్చిందా, గొంతులో గరగర, పైగా చేదు. ఆ తేటలో కామారెడ్డి బెల్లం కరిగించిన నీళ్లు, చీల్చి ఒక్కసారి నలిపి తీసేసిన పచ్చిమిరపకాయ, రెండు మిరియాల పొడి, నిమ్మరసం. ఆ మీద విస్కీ, ఐసు, ఆఖరున సోడా. సోడా పోశాక చెంచా తిప్పకూడదు, పొంగు చస్తుంది. చేయడమంటే అంతే. కష్టమంతా అల్లం తేరేదాకా ఓపిక పట్టడంలోనే ఉంది.

మా వంట మాస్టర్ దానికి తోడు ఒకటి కనిపెట్టాడు. ఆయనది మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి దిక్కు. సంతోషమొస్తే తెలుగు, కోపమొస్తే మరాఠీ. పిండేసిన అల్లం పిప్పిని పారేయకుండా శనగపిండిలో కలిపి మిరపకాయ బజ్జీలు వేసేవాడు. అల్లం మందు ఒక గ్లాసు పోతే బజ్జీలు రెండు ప్లేట్లు పోయేవి. ఎవరి వల్ల ఎవరు అమ్ముడుపోతున్నారని మా ఇద్దరికీ పంచాయితీ. ఆ పంచాయితీ మేం రిటైరయ్యేదాకా తెగలేదు.

అలా కొన్నేళ్లు గడిచాయి. ఒక గంజ్ రోజు పటేల్ రాలేదు, వెనక వంటగది తలుపు దగ్గరికి ఆయన భార్య వచ్చింది. ఆడవాళ్లు బార్ ముందు తలుపు వైపు రారు కదా, మాస్టర్ చేపలు కడిగే చోట నిలబడి నన్ను పిలిపించింది. పటేల్ ఎప్పుడూ నన్ను తమ్మీ అనేవాడు కాబట్టి నేను ఆమెను అక్కా అన్నాను. ఆమె నిలబడే ఉంది, నేను స్టూలు వేసినా కూర్చోలేదు.

దవాఖానలో చూపించారట. కాలేయం వాచింది, ఇక చుక్క కూడా తాగకూడదన్నారట. పటేల్ ఆ రోజే మానేస్తానన్నాడు. కానీ గంజ్ రోజు వస్తే తలుపు వైపు చూస్తూ, దోస్తులు ఫోన్ చేస్తే తీయకుండా, మంచం మీద అటూ ఇటూ దొర్లుతున్నాడు. మందు లేకున్నా బతుకుతాడు తమ్మీ, ఆ కుర్చీ లేకుంటే బతకడు అంది ఆమె. తాగనివాడిగా వచ్చి కూర్చోవచ్చు కదా అన్నాను. దోస్తులు నవ్వుతారు, పెండ్లాం కొంగు పట్టుకున్నాడంటారు, ఆయన ఆ మాట పడడు, చుక్క మందు లేకుండా మందులెక్కనే పొయ్యి తమ్మీ అంది.

తరువాతి గంజ్ రోజున పటేల్ వచ్చాడు. తిన్నగా కౌంటర్ దగ్గరికి వచ్చి, సిగరెట్ పెట్టె కొంటున్నట్టు వంగి అన్నాడు.

"మీ అక్క చెప్పినట్టే పొయ్యి తమ్మీ. కానీ నా దోస్తులకు తెలిసిందనుకో, నా ఇజ్జత్ మీ బార్ల పాతిపెట్టినట్టే. మా అక్కకు సుత తెల్వొద్దు. మాటియ్యి."

ఇచ్చాను. ఆయన అక్క అంటే పక్కూరికే ఇచ్చిన పెద్దావిడ. తల్లి పోయాక తమ్ముణ్ని తనే సాకింది. మా తమ్ముడు కూచుంటే బాటిల్ అయిపోవాల్సిందే అని ఊరంతా చెప్పుకుని మురిసే మనిషి. మాట ఇచ్చినవాళ్లం పటేల్ భార్య, నేను, మాస్టర్. కౌంటర్ మీద ఒక నియమం ఉంటుంది, మీకూ నేర్పే ఉంటారు. ఎవరి గ్లాసులో ఏముందో ఆ గ్లాసు పట్టుకున్నవాడికి తప్ప మరొకరికి చెప్పకూడదు. పెళ్లానికి, పోలీసుకు, పాస్టర్‌కు, ఎవరికీ. ఆ నియమం నేను అంతకు ముందు ఒక్కసారి కూడా తప్పలేదు.

ముదురు బెల్లం కరిగిస్తే నీళ్లు విస్కీ రంగులోనే ఉంటాయి. ఒక ఖాళీ సీసాలో మాస్టర్ ఆ నీళ్లు నింపి ఇస్తే షెల్ఫులో చివర పెట్టాను. పటేల్ గ్లాసుకు ఆ సీసా నుంచే వంచేవాణ్ని. అల్లం ఘాటు ఎలాగూ ముక్కు పగిలేట్టు ఉంటుంది, మిగిలిన వాసన పక్క గ్లాసులది. ఆయన నటన చూడాలి మీరు. రెండో గ్లాసుకు గొంతు పెంచేవాడు. మూడో గ్లాసుకు ఒక దోస్తు భుజం మీద చెయ్యేసి, నువ్వు నా తమ్మునివి రా అని కళ్లనీళ్లు పెట్టుకునేవాడు. లేచేటప్పుడు కొంచెం తూలేవాడు కూడా. మాస్టర్ వంటగది కిటికీలోంచి చూసి నోట్లో తువ్వాల కుక్కుకునేవాడు. చుక్క లేకుండా పటేల్ తూలితే, తాగి తూలేవాళ్లలో మందెంత, మనసెంత అని నాకు ఇప్పటికీ అనుమానమే.

అలా రెండు చెరుకు పంటలు దాటాయి. తరువాత పటేల్‌కు పక్షవాతం వచ్చి మంచం పట్టాడు. ఇక గంజ్‌కు రాలేదు. ఆయన భార్య ఫోన్ చేసింది. అల్లం మందు పొయ్యి అని అడుగుతున్నాడు, ఎట్ల చేయాలె తమ్మీ అని. ఫోన్లోనే చెప్పాను. తేరనివ్వాలన్న మాట రెండుసార్లు చెప్పాను. మరునాడు మళ్లీ చేసి, తాగిండు తమ్మీ, బాగున్నదన్నడు అని సంతోషంగా చెప్పింది. పోయేదాకా రోజూ ఆమె చేతి మీదనే తాగాడు.

ఆయన పోయిన కబురు దోస్తుల ద్వారా తెలిసింది. మాస్టర్ ఆ రోజు బజ్జీలు వేయలేదు. అడిగినవాళ్లకు శనగపిండి అయిపోయిందని చెప్పాడు.

ఇక్కడ ఆచారం సంగతి కొంచెం చెప్పాలి, తెలియనివాళ్లు ఉంటారు. మా ఇళ్లలో మనిషి పోతే ప్రార్థన చేసుకుంటాం. వాళ్ల ఇళ్లలో మూడో రోజున పిట్టకు పెడతారు. పోయినవాడికి ఇష్టమైనవన్నీ విస్తరిలో వడ్డించి, దహనం చేసిన చోట పెట్టి, దూరంగా నిలబడి కాకి కోసం చూస్తారు. అది ముట్టేదాకా ఇంట్లో ఎవరూ తినరు. ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిందంటారు. ఆ కోరిక ఎవరి వల్ల మిగిలిందన్న వాదన మరు నిమిషం మొదలవుతుంది.

మూడో రోజున పటేల్ విస్తరిని పిట్ట ముట్టలేదు. మాంసం పెట్టారు, గుడ్డు పెట్టారు, విస్కీ గ్లాసు నిండా పోసి పెట్టారు. కాకి చింతచెట్టు మీద కూర్చుని చూసి వెళ్లిపోయింది. చివరికి ఆవుకు పెట్టి ఇంటికి వచ్చారు. అప్పుడు ఆయన అక్క ఎత్తుకుంది. నా తమ్ముడు మంచంలో అల్లం మందు, అల్లం మందు అని అడుగుతుంటే ఇది ఒట్టి అల్లం నీళ్లు పోసింది, గ్లాసులో చుక్క విస్కీ లేదని నేను కండ్లార చూసిన, కోరిక తీరక పోయిండు, ఇది నోరు కట్టేసి చంపింది అని. ఊళ్లో అందరూ ఆ మాటే అనుకున్నారు. నిజానికి గ్లాసు గురించి ఆమె చూసిందీ తప్పు కాదు, చెప్పిందీ అబద్ధం కాదు.

పటేల్ భార్య నోరు విప్పలేదు. మాట ఇచ్చింది కదా.

పెద్ద దినం నాడు, అంటే పెద్దకర్మ రోజున, మళ్లీ పెట్టాలి. ఆ రోజూ ముట్టకపోతే ఆ మాట ఆమెకు జీవితాంతం అంటుకుంటుంది. ఏ శుభకార్యానికి పోయినా వెనక నుంచి వినిపిస్తుంది. అక్క ఒక తీర్మానం చేసింది. కామారెడ్డి బార్‌లో నా తమ్ముడు తాగే అల్లం మందే తెచ్చి పెట్టాలి అని. పటేల్ భార్యతోనే నాకు ఫోన్ చేయించారు. పార్సిల్ పంపమని అడిగింది. సోడా కలిపాక బస్సులో ఎల్లారెడ్డి దాకా వచ్చేసరికి అది మురికి నీళ్లవుతుంది, నేనే వచ్చి మీ ఇంట్లో చేస్తానక్కా అన్నాను. ఏది చేస్తవు తమ్మీ, మందున్నదా, లేనిదా అని అడిగింది. వచ్చాక చూద్దామన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఆ ప్రశ్నే చెవిలో మోగింది.

బార్ యజమాని సేటును సెలవడిగి, మాస్టర్‌ను తోడు తీసుకుని పొద్దున బస్సెక్కాను. ఒళ్లో ఐసు డబ్బా, కాళ్ల దగ్గర సోడాలు. అల్లం నేనే ఏరి తెచ్చాను, ముదురుది, విరిస్తే నార కనిపించేది. మాస్టర్ ఊరికే రానని శనగపిండి, మిరపకాయలు మూట కట్టుకున్నాడు. విస్తరిలో నీ గ్లాసొక్కటే ఎందుకుండాలన్నాడు.

పటేల్‌ను దహనం చేసింది సొంత చెరుకు తోట పక్కన, బావి దగ్గర. అక్కడే రెండు గదుల బావి ఇల్లు ఉంది. మాకు ఆ వంటింట్లో చోటిచ్చారు. కౌంటర్ లేదు, కొలిచే గ్లాసు లేదు, షేకర్ లేదు. రోలు ఉంది, స్టీలు చెంబు ఉంది, పాత ధోవతి గుడ్డ ఉంది. అవి చాలు. అల్లం దంచి, పిండి, చెంబులో తేరనిచ్చాను. పిప్పితో మాస్టర్ బజ్జీలు వేశాడు. దోస్తులు వెనక నిలబడి తొందర పెట్టారు. తేరాలి అన్నాను. అక్క వచ్చి విస్కీ సీసా నా పక్కన ఠప్పున పెట్టి, మంచిగ పొయ్యి, ఈసారి తక్కువ గావొద్దు అంది.

నేను కొలత ప్రకారమే పోశాను. అక్కడ జరిగింది తప్పు. గ్లాసు విస్తరి దాకా పోయేలోగా, పటేల్ పేరు మీద అని ఒక దోస్తు మూత నిండా పోశాడు. నా తరఫున అని ఇంకొకడు. వియ్యంకుడు, మేనమామ కొడుకు, పాలివాళ్లు అనే దాయాదులు, ఎవరి ప్రేమ వాళ్లు పోశారు. ప్రేమను ఎవరు ఆపగలరు? గ్లాసు గట్టు మీద పెట్టేసరికి అందులో అల్లం ఎక్కడుందో నాకే తెలియలేదు. పైన సోడా బుస్సుమంటోంది, ఐసు ఎండకు తళతళమంటోంది. ఏ కాకి వస్తుంది దాని దగ్గరికి?

రాలేదు. వచ్చి చింతచెట్టు మీద వాలింది, మెడ అటూ ఇటూ తిప్పింది, అక్కడే ఉండిపోయింది. ఎండ ముదిరింది. పొద్దున్నుంచి ఎవరి కడుపులోనూ ఏమీ లేదు. పిల్లలు ఏడుస్తున్నారు. దోస్తులు దండాలు పెట్టి, పటేలా, నీ పొలం బీడు పడనియ్యం, నీ మనుమని చదివిస్తం అని ఒక్కొక్కటే మొక్కారు. కాకి కదలలేదు.

పటేల్ భార్య బావి గట్టున కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అక్క ఆమె ఎదురుగా వచ్చి నిలబడింది.

"సూడు, మంచిగ సూడు. నువ్వు పొయ్యని సుక్క కోసం నా తమ్ముడు చెట్టు మీద కూసున్నడు."

 నేను పటేల్ భార్య వైపు చూశాను. ఆమె నన్నే చూస్తోంది. మెల్లగా తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని. ఆ పరిస్థితిలో కూడా ఆయన ఇజ్జతే ఆమెకు ముఖ్యం. నాకు కోపం వచ్చింది. పటేల్ మీద, అక్క మీద, ఆమె మీద, నా నియమం మీద. గ్లాసు పట్టుకున్నవాడు పోయాడు. గ్లాసు అందించిన మనిషి బతికుంది. పిట్ట ముట్టినా ముట్టకపోయినా, ఆమె ఈ గట్టు దిగి తలెత్తుకుని ఇంటికి పోవాలి, అది తేలందే నేను బస్సెక్కను అనుకున్నాను. మాస్టర్ వైపు చూశాను. ఆయన వెళ్లి రోలు ఎత్తుకొచ్చి అందరి ముందూ గట్టు మీద పెట్టాడు.

అక్కడే కూర్చుని మళ్లీ దంచాను. రసం పిండి చెంబులో పోసి చేతులు కట్టుకున్నాను. ఇంకెంతసేపు అని ఎవరో విసుక్కున్నారు. తేరాలి అన్నాను. తేట వంచాను, బెల్లం నీళ్లు, మిరపకాయ, మిరియాలు, నిమ్మకాయ. సోడా పోశాను. గ్లాసు పట్టుకుని లేచాను.

"మందేది?" అంది అక్క.

"పటేల్ గ్లాసుల మందు లేదమ్మా. రెండు పంటల సంది లేదు. బార్ల తాగింది గిదే, మంచంల తాగింది గిదే. మీ మరదలు పోసిన నీళ్లు నేను నేర్పినవే, ఆయన అడిగినవే. మీకు తెల్వొద్దని మాతోని మాట తీసుకున్నడు. ఇయ్యాల ఆ మాట నేను తప్పిన."

 దోస్తుల్లో ఒకడు, పటేల్ పక్క కుర్చీలో ఎప్పుడూ కూర్చునే మీసాలాయన, ముందుకు వచ్చాడు. అబద్ధం అన్నాడు. నా పక్కనే కూసున్నడు, నా కంటే రెండెక్కువ తాగేటోడు, నా భుజం మీద ఏడ్చిండు, నాకు వాసన తెల్వదా అన్నాడు. వాసన మీ గ్లాసుదే అన్నాను. మాస్టర్ మరాఠీలో ఏదో గట్టిగా అని, తరువాత తెలుగులో, ఆ సీసాల బెల్లం నీళ్లు నింపింది నేను అన్నాడు. 

అక్క నా చేతిలోంచి గ్లాసు లాక్కుంది. విస్కీ ఉందో లేదో తేల్చుకోవడానికి గటగటా సగం దాకా తాగేసింది. ఘాటు గొంతుకు తగిలి దగ్గు వచ్చింది. వంగిపోయి దగ్గింది. మళ్లీ లేచేసరికి ఆమె మొహం వేరేగా ఉంది. గ్లాసులోకి చూస్తూ నిలబడింది. నాలుకతో పళ్లు తడుముకుంది, సరిగ్గా పటేల్ మొదటిసారి చేసినట్టే.

"గిది మా అవ్వ పోసేది," అంది.  "దగ్గొస్తె మా ఇద్దరికీ ఒక్క గిలాసల పోసేది."

ఇంతలో వెనక నుంచి పాలివాళ్ల పెద్దాయన పళ్లు కొరికాడు. పెట్టే గ్లాసును ఎంగిలి చేసినవు గదా, ఇగ ఏం పెడ్తరు అన్నాడు.  సోడా అయిపోయింది, ఐసు కరిగిపోయింది. అక్క ఆయన వైపు తిరిగింది.

"చిన్నప్పటి సంది నా తమ్ముడు నా ఎంగిలే తాగిండు. ఇయ్యాల కొత్తనా?"

అని ఆ సగం గ్లాసును తనే తీసుకెళ్లి విస్తరి పక్కన పెట్టింది. తిరిగి వచ్చి బావి గట్టున పటేల్ భార్య పక్కన కూలబడింది.  తరువాత అక్క ఆమె చెయ్యి తీసుకుని తన ఒళ్లో పెట్టుకుంది. నాకెందుకు చెప్పలేదే అంది. ఒట్టు పెట్టిండు వదినా అంది ఆమె. అక్క ఏడ్చింది. ఆమె కూడా, ఆయన పోయాక మొదటిసారి గొంతెత్తి ఏడ్చిందని తరువాత చెప్పారు. నేనూ ఏడ్చాను, దాచుకోవడం దేనికి? మాస్టర్ మాత్రం అల్లం కళ్లలో పడిందన్నాడు.

అందరూ వాళ్ల వైపే చూస్తున్నాం. అందుకే కాకి ఎప్పుడు దిగిందో ఎవరూ చూడలేదు. ఎవరో అరిచేసరికి అది విస్తరి దగ్గర ఉంది. ఒక పక్క అందరి ప్రేమా కలిసిన విస్కీ గ్లాసు, ఇంకో పక్క సగం అల్లం నీళ్ల గ్లాసు. అది ఇటు చూసింది, అటు చూసింది. రెండింటి మధ్య నుంచి నడిచి వెళ్లి మాస్టర్ వేసిన మిరపకాయ బజ్జీని ముక్కున కరుచుకుని, చెరుకు మీదుగా ఎగిరిపోయింది.

 పటేల్ భార్య చెంపలు తుడుచుకుని మెల్లగా అంది.

"ఆయన ఎప్పుడైనా బజ్జీల కోసమే పోయేటోడు తమ్మీ. మందు పేరు గంతే."

ముందు అక్క నవ్వింది. తరువాత అందరూ నవ్వారు. పిట్ట ముట్టింది, లేవండి అన్నాడు పాలివాళ్ల పెద్దాయన. వదినా మరదళ్లు చేయి పట్టుకుని గట్టు దిగి ఇంటికి నడిచారు. నేను వాళ్ల వెనకే నడుస్తూ ఆమె తల వైపు చూశాను. ఎత్తుకునే ఉంది. మాకు అన్నం పెట్టాక గానీ బస్సెక్కనివ్వలేదు. బస్సులో మాస్టర్ కామారెడ్డి వచ్చేదాకా ఒకటే మాట. చూసినవా, ఎవరి వల్ల ఎవరు అమ్ముడుపోతరో పిట్ట తీర్పు చెప్పింది అని. ఆ రోజు నేను వాదించలేదు.

నియమం తప్పినందుకు నేను బాధపడలేదు. అలాగని మీరు రోజూ తప్పమని కూడా చెప్పను. చెప్పకూడనిది ఎందుకు చెప్పకూడదో తెలిసి ఉంటే, ఎప్పుడు చెప్పాలో ఆ రోజున మీకే తెలుస్తుంది. అల్లం మాత్రం తేరనివ్వండి. ఆ విషయంలో ఎవరు తొందర పెట్టినా వినకండి.

కొన్నాళ్లకు గంజ్ రోజున పటేల్ దోస్తులు మళ్లీ వచ్చారు. ఫ్యాన్ కింద కుర్చీని ఖాళీగా వదిలి చుట్టూ కూర్చున్నారు. నాతో ఎవరూ మాట్లాడలేదు. వాళ్లకు కోపం ఉంటుందని నాకు తెలుసు, వాళ్ల ముందే కదా ఆయన గుట్టు విప్పింది. గ్లాసులు తుడుచుకుంటూ ఉన్నాను. కాసేపటికి మీసాలాయన ఒక్కడే లేచి కౌంటర్ దగ్గరికి వచ్చాడు. సిగరెట్ పెట్టె కొంటున్నట్టు వంగాడు. వెనక బల్ల వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"తమ్మీ, నన్ను సుత దవాఖానల మానెయ్యమన్నరు. పటేల్ సీస ఇంకున్నదా?"

ఉందన్నాను.

"గదే పొయ్యి. వాళ్లకు చెప్పకు."

పోశాను. ఆయన వెళ్లి కూర్చున్నాక ఇంకొకడు లేచాడు, సిగరెట్ పెట్టె కొనడానికి.